మూడు చుక్కల గురుతు

పోయిన ఆదివారం మా అమ్మాయి నన్ను పాత కార్ల ప్రదర్శనకు తీసుకుపోయింది. ఇంట్లో కూర్చుని గోడలు చూసే ముసలివాడికి కాస్త గాలి తగులుతుందని దాని ఉద్దేశం. మంచి ఉద్దేశమే, కానీ మూడో వరుసలో ఆ ముదురు ఆకుపచ్చ కారు కనబడినప్పటి నుంచీ నాకు ముద్ద దిగడం లేదు. కారు పక్కన ఒక పలక నిలబెట్టి దాని చరిత్ర రాసినారు. ఎవరో నాటు టింకరు అసలు రేకులు పాడుచేస్తే, యజమాని ఎన్నో తిప్పలు పడి బానెట్టూ తలుపుల పైరేకులూ దొరల సీమ నుంచి ఓడలో తెప్పించి బిగించినాడట. అమ్మాయి అది చదివి, ఎంత శ్రద్ధో చూడు నాన్నా అని మెచ్చుకుంది. ఆ రేకులు ఏ ఓడా ఎక్కలేదు. నగర్తపేట సందులో మా మేనమామ సుత్తి కింద పుట్టినాయి. అవి పుట్టవలసి రావడానికి కారణం నేను.

మా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో కారుకు సొట్ట పడితే రేకు మార్చడమనే మాటే లేదు, టింకరును వెతుక్కుంటూ పోయేవాళ్లు. మా మామ ఆ పనిలో మొనగాడు. రేకు సాపుగా వచ్చిందా లేదా అని కంటితో చూసేవాడు కాదు. తడిపిన పాత పంచె ముక్క దానిమీద పరిచి, కళ్లు మూసుకుని, అరచేయి పారించేవాడు. కన్ను మొహమాటపడుతుంది గానీ చేయి పడదనేవాడు. తాను కొత్తగా చేసిన ప్రతి రేకుకూ లోపలి అంచున పంచితో, అంటే మొనదేలిన ఇనుప కడ్డీతో, మూడు చుక్కలు కొట్టేవాడు. పని నేర్పినాయన దగ్గర నుంచి వచ్చిన ఆచారం అది. విప్పి చూసిన టింకరుకు తప్ప ఇంకెవరికీ కనబడదు. ఆ కారు వచ్చేదాకా, పదేళ్లు ఆయన దగ్గర పనిచేసినా, ఆ పంచి ఒక్కసారీ నా చేతికి ఇవ్వలేదు.

ఆ కారు కొత్త రంగుకని మా దగ్గరికి వచ్చేనాటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. తెలివి తక్కువ, తొందర ఎక్కువ. పొరలు పొరలుగా పేరుకున్న పాత రంగును మందు పూసి, ఓపికగా గీకి తీయాలి, దానికే నెల పైన పడుతుంది. మామ పెండ్లికని కదిరికి పోయిన వారంలో, ఇసుక కొట్టి ఇనుప దూలాలు శుభ్రం చేసే షెడ్డు హొసకోటెలో ఉందని ఎవరో చెబితే, బానెట్టూ నాలుగు తలుపులూ టెంపోలో వేసుకుని పోయినాను. గొట్టంలోంచి గాలి జోరుకు ఇసుక చిమ్ముతుంటే ఎన్నో ఏళ్ల రంగు కళ్లముందే ఎగిరిపోయింది. మామ మెచ్చుకుంటాడని పొంగిపోయినాను. దూలానికి పనికొచ్చే జోరు పల్చని రేకుకు పనికిరాదని తట్టలేదు. తెచ్చి ఎండలో పెట్టి చూస్తే రేకులన్నీ అలలు తిరిగి ఉన్నాయి. ఒకచోట నొక్కితే ఇంకోచోట టక్కుమని ఉబ్బుతుంది.

మామ వచ్చి, గుడ్డ పరిచి, చేయి పారించినాడు. సగంలోనే చేయి ఆగిపోయింది. తిట్టి ఉంటే ఇన్నేళ్లు ఇంత బరువు ఉండేది కాదు. అక్కడక్కడా కాల్చి, తడిగుడ్డతో చల్లార్చి, సాగిన రేకు మళ్లీ ముడుచుకునేట్టు చేయాలని రెండు వారాలు పాకులాడినాడు, అది లొంగలేదు. కారాయన వచ్చినరోజు నేను నోరు తెరిచేలోపే, తప్పు తనదేనని, హొసకోటెకు పంపింది తానేనని చెప్పేసినాడు. కొత్త రేకులు చేతితో చేసి ఇస్తానన్నాడు. ఆయన ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టినాడు: ఇవి ఇక్కడ చేసినవని బయటికి పొక్కకూడదు, పొక్కితే కారుకు విలువుండదు.

ఆ వానకాలమంతా మామ కొయ్య అచ్చు మీద రేకు కొడుతూనే ఉన్నాడు, నేను పట్టుకుంటూనే ఉన్నాను. అంత నున్నటి పని నేను మళ్లీ చూడలేదు. ఆఖరి రోజు ఆయన రేకుల డబ్బాలోంచి పంచి తీసి మొదటిసారి నా చేతిలో పెట్టినాడు.

"నోటితో చెప్పనని మాటిచ్చినా. రేకుకైనా తెలిసుండాల గదప్పా. నువ్వే కొట్టు."

"వద్దులే మామా. ఆయప్ప చూసినాడంటే మళ్లా రచ్చయితాది" అన్నాను. ఆయన ఒక క్షణం నా మొహం చూసి, పంచి తీసుకుని డబ్బాలో పెట్టేసినాడు.

చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటారు. అదంతా ఒట్టిమాట. చేసింది నేను, అనుభవించింది ఆయన. రేకులు సీమవని చెప్పుకోవాలంటే పాతవి ఎట్లా పోయినాయో కూడా చెప్పాలి కదా. అసలు రేకులు పాడుచేసింది మామేనని కారాయన ఊరంతా చాటినాడు. మంచి కార్లు మా సందులోకి రావడం మానేసినాయి. మామ చివరి ఏళ్లు ఊరి బయట చందాపురలో లారీల మడ్‌గార్డులు సాపు చేస్తూ గడిపినాడు. ఇచ్చిన మాట మాత్రం పోయేదాకా తప్పలేదు. పంపింది నేనని నేనూ ఎవరికీ చెప్పలేదు. పరువుగా బతికినాను, పిల్లను చదివించుకున్నాను.

ప్రదర్శనలో బానెట్టు ఎత్తిపెట్టి ఉంది. అమ్మాయి ఫోటోలు తీసుకుంటుంటే లోపలి అంచు వెంబడి వేలు పెట్టి తడిమినాను. ఏమీ లేదని తెలుసు, అయినా తడిమినాను. కాపలా మనిషి పరుగెత్తుకొచ్చి, "ముట్టబేడి తాతా, అది ఫారిన్ రేకు" అని, ముట్టుకోవద్దన్నట్టు నా చేయి పక్కకు తీసినాడు. తలవంచుకుని వచ్చేసినాను.

ఇప్పుడు రేకు కొట్టేవాళ్లు ఎవరున్నారు? ఫోనులో చూసి తెప్పిస్తారు, బిగిస్తారు, పాతది తూకానికి వేస్తారు. చేసినవాడి పేరు అడిగేవాళ్లూ లేరు, దాచాల్సిన అవసరమూ లేదు. ఇంటికి వచ్చి మామ డబ్బా దించి చూసినాను. పంచి తుప్పు పట్టింది గానీ మొన ఇంకా మొనగానే ఉంది. ఆ మూడు దెబ్బలు కొట్టడానికి ఆ రోజు నాకు అరనిమిషం కూడా పట్టేది కాదు.