నేను చల్లిన నీళ్ళు

నిన్న ఆస్పత్రి వరండాలో కార్బాలిక్ సబ్బు వాసన తగలగానే నా చూపు అలవాటుగా పక్కవాళ్ళ చేతుల మీదికి పోయింది. పాతికేళ్ళయినా నాకు అది సబ్బు వాసన కాదు, సువార్తమ్మ వాసన.

మద్రాసు సౌకార్‌పేటలో కింద మా నాన్న మిరపకాయల మండీ, పైన మా కాపురం. పందొమ్మిది వందల యాభైల్లో నేను కాలేజీలో ఉన్నాను. ఎవరేం చెప్పినా ఎదురు ప్రశ్న వేయడమే చదువు అనుకునేదాన్ని. మా వదినకు అప్పటికే ఇద్దరు బిడ్డలు పుట్టగానే పోయారు. మూడో కాన్పుకు అన్నయ్య ఎవరి మాటా వినకుండా వాషర్‌మెన్‌పేట నుంచి సువార్తమ్మ అనే క్రైస్తవ మంత్రసానిని పిలిపించాడు. ఏమీ ఇవ్వలేని ఇళ్ళకు కూడా వెళ్తుందట. అదే మాకు గిట్టలేదు. ఊరికే ఎవరైనా ఎందుకు చేస్తారు?

"పేరే సువార్త. బిడ్డ నెత్తిన నీళ్ళు చల్లి వాళ్ళలో కలిపేసుకుంటుంది. ఆడే ఉండి కనిపెట్టు," అని అవ్వ నన్ను పురిటిగదిలో కాపలా పెట్టింది. అవ్వ నమ్మకాలన్నిటినీ వెక్కిరించే నేను ఈ పనికి మాత్రం సంతోషంగా ఒప్పుకున్నాను.

సువార్తమ్మ మోచేతుల దాకా రుద్ది కడుక్కుంటూ నన్ను ఎగాదిగా చూసింది. "కావలికొచ్చినావా అమ్మణ్ణీ? సరి సరి. చూసేదేదో ఆ చెంబు పట్టుకుని చూడు. చేతులు ఊరికే పెట్టుకోబాక."

మధ్యాహ్నం మగబిడ్డ పుట్టాడు. ఏడవలేదు. నీలంగా, తడిగుడ్డలా వేలాడుతున్నాడు. ఆమె నోరు తుడిచింది, అరికాళ్ళ మీద తట్టింది. "ఈసారి కూడానా?" అంది వదిన, ఎవరో పొరుగింటివాళ్ళ సంగతి అడిగినట్టు. సువార్తమ్మ చెంబులో చెయ్యి ముంచి బిడ్డ మీద చన్నీళ్ళు చిలకరించింది. ఆమె పెదాలు కదిలాయి. నేను చటుక్కున ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"ఏం చేస్తున్నావు వాడికి?"

కోప్పడే తీరిక కూడా ఆమెకు లేదు. "అయితే నువ్వే చల్లు. నీ చేత్తో చల్లితే ఏ మతమూ అంటదు గదా. రొమ్ము మీద, బాగా!" అంటూ బిడ్డ వీపు రుద్దసాగింది.

చల్లాను. మళ్ళీ చల్లాను. మూడోసారికి వాడు ముడుచుకుని కీచుమన్నాడు. ఆ తర్వాత కింద మండీ దాకా వినబడేలా ఏడ్చాడు.

"నీళ్ళు చల్లిందా లేదా?" అని గడప అవతల నుంచే అవ్వ.

"నేనే చల్లాను."

అవ్వ నన్నే మతం మారినదాన్ని చూసినట్టు చూసింది.

సువార్తమ్మ వెళ్ళేటప్పుడు మెట్ల మీద నిలదీశాను. "పెదాలు ఎందుకు కదిపావు?"

"ప్రార్థన చేసినా. దాచేదేముంది?"

"మరి బతికించింది నీళ్ళా, ప్రార్థనా?"

"నాకేం తెలుసు అమ్మణ్ణీ? ఏదో ఒకటి మానేసి చూసే ధైర్యం నాకు లేదు."

ఆ జవాబులో ఎక్కడో తప్పించుకోవడం ఉందని ఇప్పటికీ నా అనుమానం. కానీ ఆ మణికట్టును ఎంతసేపు పట్టుకుని ఉన్నానో గుర్తు చేసుకోబోతే మాత్రం అనుమానం నా మీదికే తిరుగుతుంది.

నిన్న వరండాలోకి తెల్లచీరల ఆడవాళ్ళు ఇద్దరు రోగులకు రొట్టెలు పంచడానికి వచ్చారు. "ఏ సంఘం మీది? మా దగ్గర ఏం ఆశించి వచ్చారు?" అని గట్టిగానే అడిగాను. అప్పటికే రొట్టెల గంపకు ఒక పక్క పిడి నా చేతిలో ఉంది.