మొదట చచ్చినవి పోలమ్మ కోళ్ళే

భిలాయి క్యాంప్ 2లో మనవాళ్ళుండే లైనులో పోలమ్మను అందరూ కోళ్ళ పోలమ్మ అనేవారు. ఆ పేరంటే ఆమెకు ఇష్టం. పాలకొండ వైపు పల్లె నుంచి మొగుడు అప్పలకొండ వెనక వచ్చినప్పుడు ఆమె గంపలో రెండు పెట్టలుండేవి. రైల్లో అవి అరవకుండా గంప మీద చీర కప్పి, దాని పక్కనే కూర్చుని తెచ్చింది. స్టీలు ప్లాంటులో పొగ గొట్టాలు ఇంకా లేస్తున్న రోజులవి. ఊరంతా ఎర్ర దుమ్ము. ఆ దుమ్ములోనే పోలమ్మ పెట్టలు గుడ్లు పెట్టాయి, పిల్లల్ని లేపాయి. కొన్నేళ్ళకి లైనులో ఏ ఇంటి పెరట్లో కోడి కూసినా దాని తల్లో, తల్లి తల్లో పోలమ్మ గూట్లోదే. ఎవరి పెట్ట పొదుగుకు కూర్చున్నా ఆమెను పిలిచేవారు. గుడ్డును దీపానికి అడ్డంగా పెట్టి చూసి, పిల్ల లేచేదో మురిగిపోయేదో చెప్పేది.

అప్పలకొండ ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర కూలి, ఠేకేదారు అనే కాంట్రాక్టరు కింద. పర్మనెంటు కాదు. రోజూ గేటు దగ్గర ఎవరిని లోపలికి తీసుకోవాలో చెప్పేది గ్యాంగు మేటు సత్యారావు. అతనిది పక్కిల్లే. పెళ్ళాం నూకాలమ్మ. రెండు పెరళ్ళ మధ్య నడుమెత్తు గోడ. నిప్పు కావాలన్నా, ఉప్పు కావాలన్నా ఆ గోడ మీదుగానే. ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు. నూకాలమ్మకి కాన్పు కష్టమైనప్పుడు పోలమ్మ తన ఇంటి పనంతా వదిలేసి ఆమె దగ్గరే ఉండిపోయింది.

అరవై నాలుగు చలికాలంలో సత్యారావు ఠేకేదారుకి ఇంట్లో విందు పెట్టాలనుకున్నాడు. నూకాలమ్మ బస్సెక్కి పక్కనున్న ఉతై ఊరి బజారుకెళ్ళి చవగ్గా నాలుగు కోళ్ళు తెచ్చింది. వాళ్ళ గూడు చిన్నది, వాళ్ళ కోళ్ళకే చాలదు. విందు దాకా పోలమ్మ గూట్లో ఉంచమంది. ఆ వేళ పోలమ్మ బజారులో ఉంది. అప్పలకొండే వాటిని గోడ మీదుగా అందుకుని, కాళ్ళ తాళ్ళు విప్పి గూట్లో వదిలాడు.

పోలమ్మ వచ్చి చూసేసరికి ఒకదాని ముక్కు తడిగా ఉంది. ఇంకోటి తల విదిలించి తుమ్ముతోంది. నూకాలమ్మని అడిగితే, దారి పొడుగునా బస్సులో దుమ్ము కొట్టిందని చెప్పింది. పోలమ్మకి నమ్మకం కుదరలేదు. కానీ మేటు పెళ్ళాం తెచ్చిన కోళ్ళని తీసుకుపొమ్మని ఎలా అంటుంది? విందయింది. ఆ నాలుగూ కూరైపోయాయి. పోలమ్మకి కూడా ఒక గిన్నెడు కూర గోడ మీదుగా వచ్చింది.

వారం తిరక్కుండా ఆమె పెట్టల్లో గురక మొదలయింది. గూటి దగ్గర చెవి పెడితే హుక్కా పీలుస్తున్నట్టు చప్పుడు. మెడలు చాచి, నోళ్ళు తెరిచి గాలి కోసం కొట్టుకునేవి. ఆకుపచ్చగా విరోచనాలు. వెల్లుల్లి దంచి మింగించింది, పసుపు నీళ్ళు తాగించింది, బొగ్గుల కుంపటి, సిగిడీ తెచ్చి గూటి దగ్గర వెచ్చగా పెట్టింది. ఏదీ పని చెయ్యలేదు. ఊరి నుంచి తెచ్చిన సంతతిలో పెద్దదైన ఎర్రపెట్ట మెడ వెనక్కి మెలి తిరిగి, ఉన్నచోటే గిరగిరా తిరిగి పడిపోయింది.

పోలమ్మ చచ్చిన పెట్టని గోనె సంచిలో కట్టుకుని దుర్గ్ పశువుల ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడి కాంపౌండరు చూడగానే రానిఖేత్ అన్నాడు. మనవాళ్ళు కొక్కెర తెగులు అనేది అదే. వచ్చినవాటికి మందు లేదని, గాలికీ, కాళ్ళ మట్టికీ కూడా పాకుతుందని హిందీలో నెమ్మదిగా చెప్పాడు. రోగమున్నవాటిని కోసి లోతుగా పూడ్చమన్నాడు. ఇంకా అంటనివాటికి సూది ఉందని, అందుకు మనిషిని పంపిస్తామని, అంతదాకా లైనులో ఎవరూ కోళ్ళని బయటికి వదలకూడదని, అమ్మకూడదని చెప్పమన్నాడు.

ఆమె ఇంటికొచ్చి, గురక ఉన్న కోళ్ళన్నిటినీ తన చేత్తోనే కోసింది. పెరట్లో గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చింది. తర్వాత కాళ్ళూ చేతులూ కడుక్కుని, చీర మార్చుకుని ప్రతి గుమ్మం దగ్గరికీ వెళ్ళి, లోపలికి అడుగు పెట్టకుండా, కాంపౌండరు చెప్పిన మాట చెప్పింది. కొందరు భయపడ్డారు. ఎక్కువమందికి కోపమొచ్చింది. ఈ మాట బజారుకెక్కితే క్యాంపు కోళ్ళని ఎవరు కొంటారని అడిగారు.

చివరగా నూకాలమ్మ దగ్గరికి వెళ్ళింది.

"వదినా, ఊరంతా సాటింపేస్తున్నావంట. ఎందుకొచ్చిన గొడవ? నీ కోళ్ళు సచ్చినాయి, అయిపోనాది. నోరు మూసుకో," అంది నూకాలమ్మ.

"మూసుకుంటే నీ కోళ్ళు కూడా సస్తాయి వదినా. సూదేసేవోలొస్తారు. అందాకా గూట్లోనే ఉంచు."

నూకాలమ్మ సరేనంది. తెల్లారి తన కోళ్ళన్నీ గంపల్లో పెట్టించి పక్కనున్న మరోదా ఊరికి తీసుకెళ్ళి అమ్మేసింది. ఆమెను చూసి లైనులో ఇంకొందరూ అదే పని చేశారు. సూది వేసే మనిషి వచ్చేసరికి వెయ్యడానికి కోళ్ళే లేవు. కొన్ని అమ్ముడుపోయాయి, మిగిలినవి చచ్చి మురిక్కాలవ పక్కన పడున్నాయి. అక్కడ మరోదాలోనూ గురక మొదలయింది. కొన్నవాళ్ళు క్యాంపుకొచ్చి తగువు పెట్టుకున్నారు.

మూలం ఎవరని వెతకడం మొదలయింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళంతా చేరారు. పనిలోంచి వచ్చిన మగవాళ్ళూ నిలబడ్డారు. ముందు ఎవరింట్లో చచ్చాయని ఒకామె అడిగింది.

నూకాలమ్మ బిందె కిందికి దించింది. "పోలమ్మ వదినోల గూట్లోనే. ఆవిడే సెప్పింది కదా అందరికీ," అంది.

అందులో ఒక్క అబద్ధమూ లేదు.  పోలమ్మ ఉతై కోళ్ళ సంగతి చెప్పింది. అవి తన గూట్లోకి ఎలా వచ్చాయో చెప్పింది. నూకాలమ్మ ఆశ్చర్యపోయినట్టు చూసి, తను తెచ్చినవి తమ పెరట్లోనే ఉంచి కోశామంది. ఆ కోళ్ళు లేవు, వాటి ఈకలు కూడా లేవు. పోలమ్మ మొగుడి వైపు తిరిగింది.

"నీ సేత్తోనే కదా గూట్లో ఎట్టినావు. సెప్పు."

అప్పలకొండ సత్యారావు వైపు చూడలేదు. చూడక్కర్లేదు. సత్యారావు అక్కడే బీడీ ముట్టించుకుంటున్నాడు.

"నాకు తెల్దు. నాను డూటీలో ఉన్నాను," అన్నాడు అప్పలకొండ.

 పోలమ్మ నీళ్ళు పట్టుకుని ఇంటికెళ్ళింది, వంట చేసింది, అతనికి వడ్డించింది. మర్నాటి నుంచి కుళాయి దగ్గర ఆమె బిందెను వెనక్కి జరపడం మొదలుపెట్టారు. ఆమె నీడ పడితే పొదుగుకు కూర్చున్న పెట్ట గుడ్లు వదిలి లేచిపోతుందని ఎవరో అన్నారు. తన చేత్తో కోడిపిల్లల్ని పంచిన ఇళ్ళల్లోనే తలుపులు దగ్గరగా వేసుకున్నారు. పోలమ్మ తన గూడు పీకి ఆ కర్రలు పొయ్యిలో పెట్టింది. కట్టడం పనుల్లో రేజాగా, ఆడకూలీగా ఇటుకలు మొయ్యడానికి పోయింది. అక్కడ ఆమె ఎవరో ఎవరికీ తెలీదు.

ఏడాది తిరిగేసరికి నూకాలమ్మ కొత్త పెట్టల్ని తెచ్చుకుని, వాటికి సూదులు వేయించింది. పొదుగుకి గుడ్లు కావాలంటే జనం ఆమె దగ్గరికే పోయేవారు.

సత్యారావు మాట సాయంతో అప్పలకొండకి పర్మనెంటు అయింది. మరోదా వైపు క్వార్టరు వచ్చింది, వెనక పెద్ద పెరడు. ఒక ఆదివారం అతను గోడకి ఆనుకుని కూర్చుని, ఇక్కడ కోళ్ళు పెంచుకోవచ్చు కదా అన్నాడు. ఆమె బియ్యం ఏరుతూనే ఉంది. అతనే మళ్ళీ మొదలెట్టాడు.

"ఆ పొద్దు నాను నిజం సెప్పుంటే పని పోయేది పోలీ. ఈ ఇల్లూ ఉండేది కాదు."

"నాకు తెల్సు," అంది పోలమ్మ. "ఆ పొద్దే తెల్సు. తెల్సినంత మాత్రాన కడుపులో మంట సల్లారుతాదేటి?"

అతను లేచి బయటికి పోయాడు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. ఆ పెరట్లో వంకాయలు వేసింది, బెండకాయలు వేసింది. కోడిని మాత్రం పెంచలేదు.