అత్తా, ఆవూ, పాలపిట్టా

ఆశ్వయుజ శుద్ధ నవమి. పొద్దుటి నుంచి సన్నని తుంపర. కొట్టం ఊడ్చి, పేడ దిబ్బకు మోసి వచ్చాను.

మా అత్త పోయి నేటికి పదమూడు రోజులు. మూడు రోజులు జ్వరం, నాలుగో రోజు తెల్లవారేసరికి ఆమె లేదు. కర్మలు ముగిశాయి, చుట్టాలు వెళ్లిపోయారు. రోజూ వానా ఎండా, చేసిన పనీ రెండు ముక్కలు రాసుకోవడమే నా అలవాటు. ఈ పుస్తకంలో మనిషి గురించి ఎప్పుడూ రాయలేదు. ఆమెను ఎరగనివాళ్లు చదివినా తెలిసేలా ఈరోజు కొంచెం ఎక్కువ రాస్తాను.

నేను తిరుపతిలో ఒక కొట్లో పొట్లాలు కట్టేవాణ్ని. ఆ పొట్లాల కాగితాలు చూసే అక్షరాలు నేర్చుకున్నాను. పెళ్లయ్యాక పలమనేరు దగ్గర ఈ ఊరికి ఇల్లరికం వచ్చాను. మామ అప్పటికే లేడు. అత్త, మా ఇంటామె, రెండు ఆవులు. అత్త అల్లుడితో ఎదురుపడి మాట్లాడకూడదన్నది ఆ ఇంటి పద్ధతి. అందుకని నాతో చెప్పాల్సిందంతా ఆమె ఎర్రావుతో చెప్పేది. నేను కొట్టం స్తంభానికి ఇవతల నిలబడి వినేవాణ్ని.

"ఏమే ఎర్రమ్మా, అల్లుడు ఏమీ తినకుండానే చేనికి పోతా ఉండాడే. ఆయప్పకు ఆకలి గాదా?"

నేనూ ఆవుకే జవాబు చెప్పేవాణ్ని. "సద్ది కట్టుకున్నానులేవే."

ఎర్రావు నెమరు వేస్తూ ఇద్దరి మాటలూ వినేది.

మా చేని గట్టున తల విరిగిన కొబ్బరి మోడు ఉండేది. దాని తొర్రలో ఏటా ఎండాకాలం ఒక పాలపిట్టల జంట గుడ్లు పెట్టేది. వాలి ఉన్నప్పుడు ఆ పిట్ట మట్టిబెడ్డలా ఉంటుంది. రెక్క విప్పితేనే నీలం. గొంతు మాత్రం గరుకు. చేను దున్నుతుంటే కరెంటు తీగ మీద కూర్చుని, నాగలి వెనక పురుగు కదిలితే చాలు, రాయి పడ్డట్టు దిగేది. గుడ్లకు ముందు మగపిట్ట నిటారుగా పైకెగిరి, అటూ ఇటూ దొర్లుతూ, అరుస్తూ కిందికి జారేది.

"పెండ్లికొడుకు ఏసాలు సూడే," అనేది అత్త ఆవుతో. నా వైపు చూడకుండానే నవ్వేది.

నేను వచ్చిన రెండో ఎండాకాలం ఎర్రావు పాలు తగ్గిపోయాయి. ఇల్లరికపు అల్లుడి చేతిలో పాలు తగ్గాయంటే ఊరేమనుకుంటుందోనని నా బెంగ. పాల కేంద్రంలో పాలు కొలిచే అతను ఉపాయం చెప్పాడు. "పాలపిట్ట ఈకలు తుంచి పచ్చిగడ్డిలో కలిపి పెట్టబ్బా. మా తాత కాలం నుంచీ పెడతా ఉండారు."

ఆ సాయంత్రం మోడుకు నిచ్చెన వేసుకుని తొర్రలో చెయ్యి పెట్టాను. పిల్లల మీద కూర్చున్న తల్లి నా వేలు పొడిచింది. దాని కుడి రెక్కలోంచి ఐదు పెద్ద ఈకలు పీకాను. అది నా చేతిలోంచి జారి గడ్డిలో పడింది. నాకు భయం వేసింది. దాన్ని వెతకకుండా ఇంటికి వచ్చి, ఈకలు సన్నగా తరిగి ఆవుకు పెట్టాను. ఆ రోజు పుస్తకంలో "గడ్డి వేశాను" అని మాత్రం రాసుకున్నాను.

మర్నాడు అత్త చేని నుంచి కొంగులో ఏదో పొదువుకుని వచ్చింది. ఆ పిట్టే. ఆవు మేసే గాడిలో మిగిలిన నీలం ముక్క ఒకటి వేళ్లతో తీసి చూసింది. లోపలికి వెళ్లింది. మా ఇంటామెతో అనడం వినిపించింది.

"ఆవు సూలుతో ఉండాది. సూలావుకు పాలు తగ్గవా? అడిగింటే చెప్పేదాన్ని గదే."

ఎవరిని అడగాలి నేను? స్తంభాన్నా?

ఆ రోజు నుంచి ఆమె ఆవుతో మాట్లాడటం మానేసింది. అంటే నాతో మానేసింది. పిట్టను గంప కింద పెట్టింది. అది మొదట నోరు తెరవలేదు. నేను గట్టు వెంట మిడతలు పట్టి, గుడ్డలో మూటకట్టి గంప పక్కన పెట్టేవాణ్ని. అత్త దాని ముక్కు విప్పి ఒక్కొక్కటే పెట్టేది. మూడో రోజుకు పిట్ట తానే తినసాగింది. అవతల మోడు దగ్గర జత పిట్ట ఒక్కటే పొద్దు పొడుపు నుంచి పిల్లల మేత కోసం తిరిగేది. పిల్లలు ఎగిరేదాకా అది ఒక్కటే నెగ్గుకొస్తుందా, గంపలోది మళ్లీ ఎగురుతుందా అన్నదే నా ధ్యాస. ఎగరకపోతే ఆ ఇంట్లో నాకు మాట ఉండదని తెలుసు.

పాల కేంద్రంలో ఆ కొలిచే అతనే అందరి ముందూ అడిగాడు. "ఏమప్పా, పిట్ట రెక్క ఇరిగిందని పుత్తూరు కట్టు కట్టిస్తా ఉండావంట?" అందరూ నవ్వారు. చెంబు తీసుకుని వచ్చేశాను.

కొత్త ఈకలు ముందు ముళ్లలా మొలిచాయి. తరువాత నీలం విచ్చుకుంది. మోడులోని పిల్లలు బయటికి వచ్చిన వారానికి, ఒక పొద్దున అత్త గంప ఎత్తింది. పిట్ట గాడి అంచుకు ఎగిరి జారింది. మళ్లీ ఎగిరి చూరెక్కింది. అక్కడ నుంచి తీగ మీదికి.

పక్కకు చూస్తే అత్త నా ఎదురుగానే ఉంది. మధ్యలో స్తంభం లేదు, ఆవు లేదు.

"రాసుకున్నావా నాయనా, ఆ పుస్తకంలో?"

"ఏమిటి?"

"ఈకలు పీకింది."

"లేదు."

"అదీ రాసుకో. ఎగిరిందీ రాసుకో." గంప పక్కన పెట్టి, "ఇంకమీద తెలీనిది నన్నడుగు. ఆవుకేం తెలుసు?" అంది.

ఆ తరువాత పదకొండేళ్లు అడుగుతూనే ఉన్నాను. చూలు ఎలా గుర్తుపట్టాలో, కడుపుబ్బరానికి ఏం పోయాలో, ఆవు ఎప్పుడు అలుగుతుందో అన్నీ ఆమే చెప్పింది. దసరా దశమి నాడు ఊళ్లోవాళ్లు పాలపిట్టను చూడటానికి మా గట్టుకే వస్తారు. ఎవరైనా పంజరంలో పట్టి తెస్తే అత్త ఊరుకునేది కాదు. "సూసేదానికి కండ్లు సాలు. సెయ్యెందుకు?" అనేది.

రేపు దశమి.

ఎర్రావు బిడ్డ, ఇప్పటి మా పాడావు, రెండు రోజులుగా దాణా ముట్టడం లేదు. ఎందుకో తెలియదు. నిన్న కొట్టంలో నుంచి "అత్తా" అని పిలవబోయి ఆగిపోయాను. ఇందాక స్తంభం ఇవతల నిలబడి, "అత్తనడిగి చెప్పవే" అన్నాను ఆవుతో. అది చెవులు విదిలించింది. తుంపరలో తీగ మీది మట్టిబెడ్డ లేచి, ఒక్కసారిగా నీలమై, గట్టు వైపు పోయింది.

పాలు పితికే వేళయింది. చెంబు కడిగి కొట్టంలోకి పోవాలి.