మసి రేకు

మా అన్న ఢిల్లీలో యుద్ధ విమానాల మీద సలహాలిచ్చే సైంటిస్టు అని చెప్తే మా ఊరు తాండూరులో ఎవరికీ ఓ పట్టాన అర్థమయ్యేది కాదు. "నడుపుతడా?" అనేవాళ్ళు. నడపడు. "తయారు జేస్తడా?" చేయడు. "మరేం జేస్తడు?" చెప్తాడు. ఏది కొనాలో, కొన్నదాంట్లో ఏం మార్చాలో, మన గాలికి అది తట్టుకుంటుందో లేదో పెద్ద అధికారులకు చెప్తాడు. అప్పుడు మా అమ్మ అడిగింది: "చెప్తె ఇంటరా మరి?" మేమంతా నవ్వాం. అడగాల్సిన ప్రశ్న అదొక్కటేనని అప్పుడు తెలియలేదు.

యాభైల చివర్లో మాట. చాలా ఎత్తున ఎగురుతూ ఫోటోలు తీసే విమానాలను బయటి దేశం నుంచి కొంటున్నారు. అవి వాళ్ళ ఆకాశం లెక్కలతో కట్టినవి. మన నేల ఎంత మండిపోతున్నా, అంత ఎత్తులో మన ఆకాశం వాళ్ళ ఆకాశం కంటే చల్లగా ఉంటుందనీ, ఆ చలికి లోపలి కప్పీలకు పూసిన గ్రీజు బిగుసుకుపోతే విమానం మాట వినదనీ అన్న వాదన. అధికారులు నవ్వారట. "ఎండాకాలంలో మీ హైదరాబాద్ వచ్చి వణుకుతాం లెండి" అన్నాడట ఒకాయన. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. సరే, రుజువు తెమ్మన్నారు.

ఆ రుజువు కోసమే హైదరాబాద్ శివారు నుంచి పెద్ద పెద్ద బెలూన్లకు చిన్న పెట్టెలు కట్టి వదిలేవాడు. పెట్టెలో దీపం మసి పట్టించిన రేకు ఉంటుంది. పైకి పోతుంటే ఆ మసి మీద సూది గీత గీస్తుంది, ఏ ఎత్తున ఎంత చలి ఉందో. బెలూన్ పగిలాక పెట్టె చిన్న గొడుగుతో కిందికి దిగుతుంది. చాలావి దొరకనే లేదు. దొరికినవేమో కావలసినంత ఎత్తుకు పోలేదు. వానలు తగ్గుముఖం పట్టే ఆ రోజుల్లో పైగాలి పడమటికి తోలుతుందని, మన చేన్లలోనే పడొచ్చని ఇంటికొచ్చి చెప్పిపోయాడు. "దొరికితె భద్రంగ వెట్టుండ్రి, నేనొచ్చి తీస్కపోత" అన్నాడు. మసి ముట్టుకోవద్దని చెప్పాలని తోచలేదు మహానుభావుడికి. అంత చదువు చదివి, అమ్మకు మసి అంటే ఎంత పగో మరిచిపోయాడు!

దసరాకు రెండు రోజుల ముందు పెట్టె దొరికిందని కబురొచ్చింది. అన్న నన్ను కూడా రమ్మన్నాడు. నేను వికారాబాద్‌లో కాపురం ఉండేదాన్ని, హైదరాబాద్ నుంచి ఆయన వస్తున్న బండే స్టేషన్‌లో ఎక్కాను. ఆయన మొహం వెలిగిపోతోంది. "గీసారి కంటికి ఆననంత పైకి వొయింది చెల్లె. పండుగ దాటినంక మీటింగు. గీ ఒక్క రేకు సూపెడ్త, ఎట్ల నవ్వుతరో సూస్త" అంటూ దారంతా సీతాఫలాలు తినిపించాడు. అన్న అంత మాట్లాడటం నేను మళ్ళీ చూడలేదు.

ఇంట్లో నాగలి కర్రు, కొడవళ్ళు కడిగి పూజకు పెట్టారు. వాటి మధ్యన పెట్టె. పసుపు, కుంకుమ, చుట్టూ బంతిపూల దండ.

"మేకలు గాసేటాయన తెచ్చిచ్చిండు" అంది అమ్మ, పొంగిపోతూ. "మొగులు మీదికెల్లి వడ్డదట. మూత తీస్తె లోపటంత మసే! గాడ గూడ పొయ్యిలు వెడ్తరా కొడుకా? చింతపండు వెట్టి రుద్ది రుద్ది తెల్లగ జేసిన. నీ పనిముట్టు గదా, పూజ జెయ్యకుంటె ఎట్ల?"

అన్న రేకు తీసి వెలుతురుకు పట్టాడు. అది తళతళలాడుతోంది. నేను నోరు తెరవబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"మస్తు మంచిగ జేసినవమ్మా" అన్నాడు.

మీటింగుకు ఒట్టి చేతులతో పోయాడు. విమానాలు ఉన్నవి ఉన్నట్టే కొన్నారు. కొన్నాళ్ళకు ఒకటి పైకి పోయి కూలిపోయింది. అందులో ఉన్నవాళ్ళు పెళ్ళిళ్ళు కూడా కాని పిల్లలు. గ్రీజు వల్లేనని ఎవరూ తేల్చలేదు. అయితే ఆ తర్వాత, గ్రీజు మార్చుకోండని ఆ అమ్మిన దేశంవాళ్ళే చెప్తే మనవాళ్ళు మారుమాట లేకుండా మార్చారు. పొరుగింటి పుల్లకూర రుచి! అన్న ఆ ఉద్యోగం వదిలేసి హైదరాబాద్‌లో కాలేజీ పాఠాలు చెప్పుకున్నాడు.

ఆ రోజుల్లోనే ఓసారి తాండూరులో బయటి బండల అరుగు మీద కూర్చుని నాతో అన్నాడు: "ఇంటుండిరో లేదో గని చెల్లె, ఆ మసి ఉంటె గట్టిగ జెప్పెటోన్ని. పోరగాళ్ళు బతుకుతుండిరేమో." తలుపు వెనక అమ్మ కందిపప్పు చెరుగుతోంది. చాట చప్పుడు ఆగిపోయింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కాసేపటికి అమ్మ బయటికొచ్చి అన్నానికి లెమ్మంది, అంతే.

అప్పటిదాకా ఏటా పూజలో పెట్టిన ఆ పెట్టె, ఆ ఏడు దసరాకు లేదు. ఎక్కడని ఎవరం అడగలేదు. అడిగి ఉండాల్సింది.

మరో రెండు మూడేళ్ళకు, అమ్మకు చూపు మందగించాక, అన్నా నేనూ పండక్కి పోయాం. అన్నం తిన్నాక అమ్మ వంటింట్లోకి పోయి, కొంగులో ఏదో పట్టుకుని తడుముకుంటూ వచ్చింది. ఆ రేకే. అంచు నుంచి అంచు దాకా నల్లగా ఉంది.

"దినాం దీపం మీద వట్టిన కొడుకా, ఎవ్వల్ని ముట్టనియ్యలే" అంది. "మల్ల మసి వట్టింది సూడు. ఇప్పుడన్న కనవడ్తుందా?"

అన్న రెండు చేతులతో అందుకుని, వాకిట్లో ఎండకు పట్టుకుని చాలాసేపు చూశాడు. నాకు ఏడుపు ఆగలేదు.

"కనవడ్తుందమ్మా, అంత కనవడ్తుంది."

"అయితె జల్ది తీస్కపోయి సూపెట్టు," అంది అమ్మ. "ఇప్పుడు ఇంటరు."