కొలిచాకే వెలిగించమన్న పక్కింటి అంకుల్

సహోదరులారా, సూటిగా అడుగుతున్నాను. అలమరలో పడి ఉన్న పాత ఫ్లాష్‌ను డిజిటల్ కెమెరా నెత్తిన ఎక్కించే ముందు మీలో ఎంతమంది దాని వోల్టేజీ కొలిచారు? నేను కొలవలేదు. నన్ను ఆపి కొలిచి చూపించిన మనిషి, ఈ పరాయి దేశంలో, టూంగాబీలో మా పక్కింటి అంకుల్, పోయిన మంగళవారం పొద్దున కాఫీ తాగి కుర్చీలోనే కన్నుమూశారు. ఆంటీ ఫోన్ చేసినప్పుడు నా చేతిలో ఆదివారం ప్రసంగం కాగితాలున్నాయి. అప్పుడు పక్కన పెట్టిన వాటిని మళ్లీ ముట్టకుండా ఇది రాస్తున్నాను.

ఆయనది వరంగల్ వైపు. కరెంటు ఇంజనీరుగా రిటైరయ్యారు. ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటం, గ్యారేజీలో టంకం వాసన. నేను ఒంగోలువాణ్ణి, వారమంతా గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపి ఆదివారం వాక్యం చెప్పేవాణ్ణి. "నేను పాస్టర్ని కాదంకుల్" అని ఎన్నేళ్లు చెప్పినా "పాస్టర్ సాబ్" అనే పిలిచారు. ఇంట్లో నా ప్రసంగ సాధన కంచె దాటి వినబడేది. ఏనాడూ విసుక్కోలేదు. "ఇయ్యాల వాల్యూమ్ జర తక్కువున్నది, పానం బాగలేదా?" అని అడిగేవారు.

మా నాన్న ఒంగోల్లో ఫొటో స్టూడియో నడిపారు. ఆయన పోయాక నేను తెచ్చుకున్నది ఆయన ఫ్లాష్ ఒక్కటే. మా అమ్మాయి బాప్తిస్మం ఫొటోలు తాత వెలుగులోనే తీయాలని పట్టుబట్టాను. కెమెరా మాత్రం సంఘానిది. ముందురోజు, శనివారం పొద్దున, అంకుల్‌కి చూపిద్దామని గ్యారేజీకి వెళ్లి ఆయన ఎదుటే ఫ్లాష్‌ను కెమెరా మీదికి జరపబోయాను. నా మణికట్టు పట్టుకున్నారు.

"ఆగయ్యా పాస్టర్ సాబ్. ఎన్ని వోల్టులొస్తున్నయో చూసినవా?"

"నాలుగు సెల్లులే కదంకుల్. ఆరు వోల్టులు."

"సెల్లులు ఆరే. లోపల అది పెంచుకుంటది. కింద కాలికాడ ఎంతున్నదో నీకెరుకనా?"

ఫ్లాష్‌ను బల్ల మీద పెట్టి, ఆన్ చేసి, దాని దీపం వెలిగేదాకా ఆగారు. మల్టీమీటరును డీసీకి తిప్పి, ఎర్ర తీగను కెమెరా నెత్తిన దూరే ఫ్లాష్ కాలి మధ్యనున్న బొడిపెకి, నల్ల తీగను అంచు రేకుకి ఆనించారు. వేళ్లు మాత్రం ఎక్కడా తగలనివ్వలేదు. మీటరు నూట తొంభై దాటింది. ఆ కెమెరా ఎంత తట్టుకుంటుందో దాని పుస్తకంలో నాచేతే చదివించారు. ఆ అంకెకీ మీటరు అంకెకీ పొంతనే లేదు. ఆ కాలు తగిలి కెమెరా మాడిపోయి ఉంటే, సంఘానికి నేనేం జవాబు చెప్పేవాణ్ణి?

"తెల్వకపోతే కొలువాలె. కొలిచే ఓపిక లేకుంటే ముట్టొద్దు" అన్నారు.

అన్నిటినీ పరీక్షించి మేలైనదాన్ని పట్టుకోమని లేఖనం. ఆ మాట మీద నేను ఎన్ని ఆదివారాలు గొంతు చించుకున్నానో. చేసి చూపించింది మాత్రం ఆ లేఖనం ఎన్నడూ తెరవని మనిషి.

"అయితే మా నాన్న ఫ్లాష్ ఇక పనికిరాదా అంకుల్?"

"కెమెరా మీదికి వద్దన్న గని, ఫొటోలకే వద్దన్ననా?"

డబ్బాలోంచి అగ్గిపెట్టెంత పరికరం తీశారు. స్లేవ్ అంటారట, వెలుగును చూసే కన్ను. అంత వోల్టేజీని అది తట్టుకుంటుందో లేదో కూడా చూసుకున్నాకే ఫ్లాష్‌కి తగిలించి, దూరంగా స్టాండు మీద నిలబెట్టారు. కెమెరాలోని బుల్లి ఫ్లాష్ మెరిస్తే ఆ కన్ను చూసి పెద్దదాన్ని మెరిపిస్తుంది. మధ్యలో తీగే లేదు, కెమెరాకి భయమూ లేదు.

మొదటి ఫొటో నల్లగా వచ్చింది. బుల్లి ఫ్లాష్ వెలుతురు అంచనా కోసం ముందు ఒకసారి చిన్నగా మెరుస్తుందట. మాది దానికే మెరిసేసి అసలు వేళకి ఖాళీ అయిపోయింది. అంకుల్ కడుపు పట్టుకుని నవ్వారు.

"మీ నాయిన ఫ్లాష్ గూడ నీ లెక్కనే. ఎదుటోడు మాట మొదలువెట్టకముందే జవాబు చెప్తది."

ఆ ముందు మెరుపు రాకుండా బుల్లి ఫ్లాష్‌ను మాన్యువల్‌కి మార్చారు. ఈసారి రెండూ ఒక్కసారే మెరిశాయి. తలుపు దగ్గర నిలబడ్డ మా అమ్మాయి "ఈజ్ దట్ తాతాస్ లైట్?" అంది.

"మీ తాతదే బిడ్డా" అన్నారు అంకుల్.

మర్నాడు సంఘం హాల్లో ఆ స్టాండు పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. "ఎవ్వరూ విప్పొద్దు. సెల్లులు తీసినా లోపల కరెంటు నిలువుంటది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పారు. నా ప్రసంగంలో అందరూ ఆమెన్ అన్న చోటల్లా ఆయన "కరెక్ట్" అన్నారు.

నిన్న ఆంటీ నన్ను గ్యారేజీకి పిలిచి మీటరు చేతిలో పెట్టారు. "ఇది పాస్టర్ సాబ్‌కే అని ఎప్పుడో చెప్పిండు. మస్తు తొందర మనిషి, ఇదొకటి చేతిలుంటే ఆగుతడు అన్నడు." ఇద్దరం కన్నీళ్లతోనే నవ్వాం. మా అమ్మాయి ఆంటీని ఫొటో తీసింది. అప్పటినుంచీ ఆ గ్యారేజీలోనే ఉన్న నాన్న ఫ్లాష్ మూల స్టాండు మీద వేళకి మెరిసింది. బల్ల మీద అంకుల్ కళ్లద్దాలు కూడా ఒక్క క్షణం తళుక్కుమన్నాయి.

వెలుగును కుంచం కింద దాచకండి. అలాగని కొలవకుండా తలకెత్తుకోకండి. ఈరోజే, ఇది చదివిన వెంటనే, మీ పాత ఫ్లాష్‌ను బయటికి తీయండి. కెమెరాని ఇంట్లో వదిలేసి దాన్నొక్కదాన్నే పట్టుకుని మా ఇంటికి రండి. మీటరు నా దగ్గరుంది.