క్రేను కేబిన్లో గోల్‌కీపరు

మొన్న ఆదివారం సికింద్రాబాదు కార్ఖానా పేటలో ఉండే మా పెద్దమ్మాయి ఇంటికి వెళితే, మనవరాలు చెవుల్లో ఏవో దూర్చుకుని, కళ్ళు మూసుకుని, గోడకి ఆనుకుని కూర్చుంది. ఏమిటే ఈ తపస్సు అని కదిపితే, ఆఫీసులో శిక్షణ ఇస్తున్నారట, మైదానంలో ఆటగాళ్ళు ఎంత నిబ్బరంగా ఉంటారో ఉద్యోగంలోనూ అలా ఉండడం ఎలాగని. మర్నాడు పెద్ద అధికారుల ముందు ఏదో వివరించాలట, దాని వేళ్ళు అప్పటికే చల్లబడి ఉన్నాయి. "తాతా, నువ్వు హాకీ ఆడినవ్ గదా, నీకు భయమైతుండెనా?" అనడిగింది. అడగరాని మనిషిని అడిగింది.

నాకా, భయమా! సికింద్రాబాదు మొత్తమ్మీద నన్ను దాటించి గోలు కొట్టిన మొనగాడు లేడన్నాను. ఆ నిబ్బరంతోనే తరవాత ఫ్యాక్టరీలో క్రేను నడుపుతూ, బాయిలరు డ్రమ్ము కింద ఇరుక్కున్న మా మేనమామని చెమట చుక్క రాలకుండా బయటపడేశానన్నాను. పిల్ల నోరు తెరుచుకుని విన్నది. మీరంటే నా ఈడువాళ్ళు, మీ దగ్గర ఈ కోతలు చెల్లవు, కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను. అలవాటు కొద్దీ మధ్యలో ఎక్కడైనా పొంగితే నేనే చల్లార్చుకుంటాను.

ముందు గోలు సంగతి. లాలాగూడ మైదానంలో నన్ను దాటించి గోలు కొట్టనివాణ్ణి వెతుక్కోవాలి. పరుగు రాదని నన్ను కీపరుగా నిలబెట్టారు. నాకు కాస్త ముందు నిలబడి, జట్టు వెనకవరసలో ఆడేవాడు మా బావ, అంటే ఆ మేనమామ పెద్దకొడుకే. ఎదుటి జట్టు దూసుకొస్తుంటే నా కాళ్ళు నిలిచేవి కావు, ముందుకి ఉరికేవాణ్ణి, ఉరికినప్పుడల్లా బంతి నా పక్కనుంచి వెళ్ళి వలలో పడేది. అందుకని బావ తల తిప్పకుండానే ఆటంతా నాతో మాట్లాడుతూ ఉండేవాడు: "ఉరకకు బామ్మర్ది, జాగ మీదనే ఉండు, నేనున్న." ఆ గొంతు వినబడుతున్నంతసేపూ నేను కూడా కాస్త కీపరులాగే ఉండేవాణ్ణి.

మా నాన్న పోయాక మమ్మల్ని సాకింది ఆ మేనమామే. మల్కాజ్‌గిరి అవతల తానూ బావా పనిచేసే ఫ్యాక్టరీలోనే నన్నూ పెట్టించాడు. షెడ్డు కప్పుకి దగ్గరగా, క్రేనుకి వేలాడే చిన్న కేబిన్లో నా కుర్చీ. కింద సమ్మెట్ల మోతలో ఎవరేం అరిచినా పైకి వినబడదు. అందుకని కింద ఒక మనిషి చేతులతో సైగలు చేస్తాడు, డ్రైవరు ఆ ఒక్కడి చేతుల్నే చూడాలి, ఇంకెవరు ఏం చెప్పినా చెయ్యకూడదు. మాకు ఆ సైగలు చేసేవాడు బావ.

ఒక పొద్దున, టన్నుల బరువుండే బాయిలరు డ్రమ్ముని లేపి స్టాండు మీదికి దించుతుంటే, రెండు వైరు తాళ్ళలో ఒకటి జారిపోయింది. డ్రమ్ము ఒక పక్కకి వాలి, దాన్ని చేత్తో సర్దుతున్న మామ కాలిని స్టాండుకేసి నొక్కి ఆగింది. ఎత్తితే రెండో తాడు కూడా జారవచ్చు, దించితే మొత్తం బరువు ఆయన మీదికి దొర్లుతుంది. షెడ్డంతా పరిగెత్తుకొచ్చింది. మోత ఆగింది గాని అరుపులు మొదలయ్యాయి, సగంమంది ఎత్తమని, సగంమంది దించమని, అందరి మొహాలూ నావైపే. మామ నోరు తెరిచి ఉంది, ఆయన గొంతు మాత్రం ఆ గోలలో నాకందలేదు.

నేను బావ వైపు చూశాను. రెండు చేతులూ పక్కలకి బారచాచి నిలబడ్డాడు. కదలకు అని. కాళ్ళ దగ్గర కన్నతండ్రి నలుగుతున్నాడు, వాడు ఆయనవైపు చూడడం లేదు. నన్నే చూస్తున్నాడు, పెదవులు మాత్రం ఆడుతున్నాయి. ఏమంటున్నాడో నాకు వినబడాల్సిన అవసరం లేదు.

అలా ఎంతసేపు గడిచిందో చెప్పలేను. మనుషులు చెక్క దిమ్మెలు తెచ్చి డ్రమ్ము కింద దూర్చారు, ఒకడు పైకి పాకి జారిన తాడుని మళ్ళీ తగిలించాడు. అప్పుడు బావ చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పి, దానిమీద రెండో అరచెయ్యి కప్పాడు, మెల్లగా ఎత్తమని. హ్యాండిలు పట్టుకున్నాను. వాడి వేలు తిరిగినంతే తిప్పాను, ఆగితే ఆగాను. డ్రమ్ము లేచింది, మామని లాగేశారు. కాలు విరిగింది, మనిషి దక్కాడు.

ఇప్పుడు చెమట చుక్క సంగతి. చొక్కా పిండుకునేటట్టుంది. నిచ్చెన దిగడానికి కాళ్ళు రాక నన్ను ఇద్దరు పట్టుకుని దించారు. మొదట అంతసేపూ నేను కదలకుండా ఉన్నది నిబ్బరంతో కాదు, భయంతో బిగుసుకుపోయి. ఆస్పత్రి మంచం మీద మామ అదే అన్నాడు: "ఏందిరా, కీపర్ అంటివి, కట్టె లెక్క నిలవడ్డవ్! నయమైంది తియ్, ఉరికితే నేను పోతుంటి." బావ మాత్రం నవ్వలేదు. మామని లాగగానే షెడ్డు వెనక్కి వెళ్ళి వాంతి చేసుకున్నాడని, సాయంత్రం దాకా చేతులు కిందికి దించడం చాతకాక మోచేతులు పట్టుకుని తిరిగాడని తరవాత తెలిసింది. వాడికి భయం లేదని అన్నాళ్ళూ అనుకున్నాను. ఉన్న భయాన్ని నాకు కనబడనివ్వలేదు, అంతే.

ఆ ఫ్యాక్టరీలో ఇప్పుడు కేబిన్లు లేవట. డ్రైవరు కిందనే నిలబడి మీటలున్న పెట్టె పట్టుకుని తానే ఎత్తుతాడు, తానే దించుతాడు. మంచిదే, మనుషులు క్షేమంగా ఉంటారు, నేనేం కాదనను. బావ పోయి కొన్నేళ్ళయింది. అంత ఎత్తున కూర్చున్నవాడికి కింద తనకోసం చేతులు చాచి నిలబడ్డ మనిషి ఒకడు కనబడేవాడని ఇప్పటి పిల్లలకి ఎలా చెప్పాలో నాకు తెలియదు. నిబ్బరాన్ని ఎవరికి వాళ్ళు ఒంటరిగా నేర్చుకోవచ్చంటున్నారు. నేర్చుకోవచ్చేమో. నాకది ఎప్పుడూ బావ మొహంలోనే కనబడింది.