పైడితల్లి దించిన రాళ్లు

పైడితల్లి కిరండూల్ పాసింజరు ఎక్కిందంటే ఆ పెట్టెలో చోటు దానంతటదే దొరికేది. ఎండు నెత్తళ్ల గంప పక్కన కూర్చోవడానికి ఎవరికి గుండె చాలుతుంది? ఆమెది భీమిలి దగ్గరి జాలరిపేట. వారం వారం విశాఖలో రైలెక్కి అరకు సంతకు చేపలు మోసేది. తిరుగు ప్రయాణంలో అదే గంపలో అల్లం, చింతపండు తెచ్చి పేటలో అమ్ముకునేది. ఆ రెండు మోతల మీదే సంసారం నడిచేది. ఇది డెబ్భైల చివరి మాట.

అంతకు ముందేడు తుపానుకు పేటలో పడవలు పగిలిపోతే, ఒక రామభక్త సేవా సమితి వచ్చి గంజి పోసింది, వలలు పంచింది. ఆ సమితే అరకులో భజన మందిరం కడుతోందని తెలిసి పేట మగవాళ్లు ఉప్పొంగిపోయారు. ఊరికే తిన్నామన్న మాట రాకూడదని, సముద్రంలో మునిగి పగడపు రాళ్లు పెకలించి, సున్నం కాల్చుకోమని లారీకెత్తి పంపారు. అందరికంటే ముందు మునిగినవాడు ఆమె మొగుడు యర్రయ్యే. విశ్వాసం మంచిదే. అలాగని కూర్చున్న కొమ్మను నరికి దానమిస్తారా? ఆ రాళ్ల సందుల్లోనే చేప పిల్లలు పెరిగేవి. వానలు వెళ్లేసరికి వలలు ఖాళీగా రావడం మొదలైంది.

ఒక సంతనాడు పైడితల్లి మందిరం దగ్గరికి వెళ్లి చూసింది. సున్నం కాల్చడానికి బట్టీ పేర్చి ఉంది. పక్కన రాళ్ల గుట్ట. గంప దించి, బట్టీకి అడ్డంగా కూర్చుంది.

సమితి పెద్ద జగన్నాథరావు, రిటైరైన మేష్టారు, పరుగున వచ్చాడు. "ఇదేమిటమ్మా? లే!"

"ముట్టించనియ్యను బాబూ. అది మా గంగమ్మ ఇల్లు."

"మీవాళ్లేగా ఇచ్చారు? దేవుడికిచ్చింది వెనక్కడిగితే పాపం కాదూ?"

"మా ఆడు ఇచ్చినాడు. ఇయ్యడానికి ఆడిదేటి? మీరు పోసిన గంజి మరిసిపోనేదు. మన్ను మొయ్యమంటే మోత్తాను. దేవుడికి ఇల్లు కట్టడానికి మా తల్లి ఇల్లు పడగొడతారేటి?"

మందిరం తెల్లగా మెరవాలని ఆయన ముచ్చట. గదమాయించాడు, బతిమాలాడు. ఆమె కదల్లేదు. చేపలు గంపలోనే ఉండిపోయాయి, తిరుగు రైలూ వెళ్లిపోయింది. మా పేటలో అంత మొండిమనిషిని నేనెరగను. తలుచుకుంటే ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

వారం వారం ఆమెకు అల్లమిచ్చే కొండ మనిషి సోములమ్మ వెతుక్కుంటూ వచ్చింది. సంగతి విని నవ్వింది. "గోడకి సున్నమే కావాలేటి? మా ఇళ్లు ఎర్రమన్నుతోనే అలుకుతాం గదా. రేపు ఆడోళ్లమంతా వొత్తాం."

జగన్నాథరావు బట్టీ దగ్గరి పనివాళ్లవైపు తిరిగాడు. చివరికి, "ముట్టించకండి," అన్నాడు. కోపంగానే అన్నాడు.

మందిరం ఎర్రగా లేచింది. పైడితల్లి మాత్రం అల్లం మానేసి, వారం వారం గంపలో ఆ పగడపు రాళ్లే పేటకు దించడం మొదలుపెట్టింది. ఆ ఏడు ఆ ఇంట్లో పులుసుకు చింతపండు కూడా కరువే. యర్రయ్య ఎగతాళి చేశాడు.

"సచ్చిన రాయికి పాణమొత్తాదేటే?"

"రాదు. పిల్లసేపకి గూడైతే సాలు. నువ్వు పీకినకాడే పెట్టాల. ఆ సోటు నీకే తెలుసు."

యర్రయ్య నవ్వు ఆగిపోయింది. మర్నాడు పొద్దున పేటలో అందరికంటే ముందు మునిగినవాడు మళ్లీ అతనే. ఈసారి రాయి చేతపట్టుకుని మునిగాడు, వట్టి చేతులతో పైకి వచ్చాడు.